అంతర్జాలం - ఉమ్మడి పాలన

ఉద్దేశం

అంతర్జాలాన్ని ఉపయోగించేవారు కోట్ల సంఖ్యలో ఉన్నారు. దానిని నడిపే వ్యవస్థను గురించి తెలిసినవారు మాత్రం తక్కువ. అంతర్జాల నిర్వహణ బాధ్యత వివిధ సంస్థల మధ్య ఏ విధంగా పంపిణీ అయిందో, ఆ పంపిణీ వల్ల కలిగే మేలు ఏమిటో, లోటు ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం, పౌరులుగా వారి వంతు బాధ్యతను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

దేశానికి ప్రభుత్వం ఉంది. నగరానికి నగరపాలక సంస్థ ఉంది. రైళ్లకు రైల్వే బోర్డు ఉంది. ప్రపంచ జనాభాలో సగం కంటే ఎక్కువమంది ఉపయోగించే అంతర్జాలానికి అధిపతి ఎవరు? కొందరు అమెరికా అని, మరికొందరు ఐక్యరాజ్యసమితి అని, ఇంకా కొందరు గూగుల్ వంటి వాణిజ్య సంస్థలని సమాధానం చెబుతారు. వీటిలో ఏదీ సరైన సమాధానం కాదు. అంతర్జాలానికి అధిపతి అంటూ ఒకరు లేరు. అలాగని అది అరాజకంగానూ నడవడం లేదు. దాని నిర్వహణ బాధ్యతను సాంకేతిక నిపుణులు, లాభాపేక్ష లేని సంస్థలు, ప్రభుత్వాలు, వ్యాపార సంస్థలు, పౌరులు పంచుకున్నారు.

తెలుగు పల్లెల్లో చెరువు నీటిని పంచుకొనే పద్ధతిని గుర్తు చేసుకుంటే ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. చెరువు ఊరందరిదీ. తూము తెరచి మూసే పని నీరటిది. వంతు వచ్చినప్పుడు మడికి నీరు పెట్టుకోవడం, కాలువలో పూడిక తీయడం రైతుల పని. నీరటి చెరువుకు యజమాని కాడు. రైతు తన ఇష్టం వచ్చినట్లు తూము తీయరాదు. ఎవరి పని వారు చేసినన్నాళ్లు చివరి మడికి కూడా నీరు అందుతుంది. అంతర్జాలం విషయంలోనూ అడగవలసిన ప్రశ్న “యజమాని ఎవరు?” అని కాదు, “ఎవరి వంతు ఎంత?” అని.

ఒక వ్యక్తి నుండి ఒక సంస్థకు

1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు, ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు, తొలి సందేశం వెళ్లింది. అమెరికా రక్షణ శాఖ ధనసహాయంతో ఏర్పడిన ఆ వ్యవస్థ పేరు అర్పానెట్. అదే నేటి అంతర్జాలానికి మూలం. అప్పట్లో కంప్యూటర్లు కొద్ది. వాటికి సంబంధించిన అంకెల జాబితాను జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త శ్రద్ధగా నిర్వహించేవారు. అంకెలను గుర్తుంచుకోవడం మనుషులకు కష్టం. అందువల్ల 1983లో పాల్ మొకపెట్రిస్ ఒక పద్ధతిని రూపొందించారు. మనిషి పేరు టైపు చేస్తే కంప్యూటరు దానికి తగిన అంకెను వెదికి పట్టుకొంటుంది. దీనినే డొమైన్ నేమ్ వ్యవస్థ అంటారు.

ఈ వ్యవస్థకు శిరస్సు వంటిది రూట్ జాబితా. ‘.కామ్’, ‘.ఇన్’ వంటి చివరి పేర్లను ఎవరు నిర్వహిస్తున్నారో చెప్పేది ఈ జాబితాయే. ఇందులో లేని పేరు ప్రపంచానికి కనిపించదు. ఇంతటి ముఖ్యమైన జాబితా ఎక్కువగా ఒక వ్యక్తి నిజాయితీ మీద ఆధారపడి ఉండేది. 1998 జనవరి 28న పోస్టెల్ కోరిక మేరకు రూట్ సర్వర్ల నిర్వాహకులలో ఎనిమిదిమంది, జాబితాను అంతవరకు తీసుకొంటున్న చోటు నుండి కాక, ఆయన చూపిన కంప్యూటరు నుండి తీసుకోవడం ప్రారంభించారు. అమెరికా ప్రభుత్వం అభ్యంతరం తెలుపగా ఆయన తిరిగి పూర్వస్థితికి మార్పించారు. ఎవరికీ నష్టం కలగలేదు. కాని ఒక్క లేఖతో ప్రపంచ వ్యవస్థ దిశ మారగలదని ఆ సంఘటన నిరూపించింది.

ఆ ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ‘ఐకాన్’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. ఇంటర్నెట్ కార్పొరేషన్ ఫర్ అసైన్డ్ నేమ్స్ అండ్ నంబర్స్ అనేది దాని పూర్తి పేరు. అక్టోబర్ 16న పోస్టెల్ మరణించారు. ఒక వ్యక్తి మోసిన భారం ఒక సంస్థ భుజాల మీదికి మారింది.

పనుల విభజన

నేడు వరంగల్లులో ఒక విద్యార్థిని తన సెల్‌ఫోనులో ‘.భారత్’ అని ముగిసే తెలుగు చిరునామాను టైపు చేసిందని ఊహిద్దాం. క్షణంలో పుట తెరుచుకుంటుంది. ఆ క్షణంలో ఎన్ని సంస్థలు తమ వంతు పని చేశాయో గమనించాలి.

మొదటిది అక్షరం. ప్రతి తెలుగు అక్షరానికి కంప్యూటరులో ఒక నిర్దిష్ట సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను నిర్ణయించేది యూనికోడ్ కన్సార్షియం. 1991లో వెలువడిన తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు.

రెండవది నియమం. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో సంభాషించాలో నిర్ణయించేది ‘ఐఈటీఎఫ్’ అనే నిపుణుల బృందం. 1986లో ప్రారంభమైన ఈ బృందంలో సభ్యత్వ రుసుము లేదు, ఓటింగు లేదు. ఆసక్తి, పరిజ్ఞానం ఉన్నవారెవరైనా చర్చలో పాల్గొనవచ్చు. సుమారైన ఏకాభిప్రాయం కుదిరి, ఆచరణలో పనిచేసినదే ప్రమాణంగా నిలుస్తుంది. తెలుగు చిరునామాను పాత వ్యవస్థ అర్థం చేసుకోగల రూపంలోకి మార్చే నియమాన్ని కూడా ఈ బృందమే రూపొందించింది.

మూడవది పేరు. ‘.భారత్’ అనే చివరి పేరు రూట్ జాబితాలో ఉన్నదా అని ఫోను వెదకాలి. ఆ జాబితాలోని మార్పులను ఐకాన్ పర్యవేక్షిస్తుంది. కాని జాబితాను లోకానికి అందించేది ఐకాన్ ఒక్కటే కాదు. 13 పేర్లతో ఉన్న రూట్ సర్వర్లను 12 సంస్థలు నడుపుతున్నాయి. వాటిలో విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, నాసా ఉంది, జపాన్, స్వీడన్ దేశాలకు చెందిన సంస్థలు ఉన్నాయి. ఒకటి ఆగినా మిగిలినవి పనిచేస్తాయి. ఇక ‘.భారత్’ లోపలి పేర్ల నిర్వహణ మన దేశంలోని ‘నిక్సీ’ సంస్థది. 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాకు ఇది సంక్షిప్త నామం. 2011లో తెలుగుతో సహా ఏడు భారతీయ భాషల్లో దేశం పేరు రూట్ జాబితాలో చోటు చేసుకొంది.

నాల్గవది అంకె. పేరు వెనుక ఉన్న అంకెల చిరునామాలను ప్రపంచంలో ఐదు ప్రాంతీయ సంస్థలు పంచుతాయి. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉన్న ‘ఎపినిక్’ ఆ పని చేస్తుంది. పాత పద్ధతిలో సాధ్యమయ్యే చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. కేంద్ర నిల్వలో మిగిలిన ఐదు భాగాలను 2011 ఫిబ్రవరి 3న ఐదు ప్రాంతీయ సంస్థలకు సమానంగా పంచి, ఆ నిల్వను ముగించారు. కొరత వచ్చినప్పుడు పంపకం న్యాయంగా జరగడం పాలనలో ప్రధానమైన పరీక్ష. ఆ పరీక్షలో ఈ వ్యవస్థ నెగ్గింది.

ఐదవది మార్గం. తీగలు, టవర్లు టెలికాం సంస్థలవి. వాటికి అనుమతి ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. ధరలను, సేవల నాణ్యతను నియంత్రించేది ‘ట్రాయ్’. ఈ ఐదు బాధ్యతలలో ఏ ఒక్కటి నెరవేరకపోయినా ఆ పుట తెరుచుకోదు.

లిపిసామ్యం తెచ్చిన చిక్కు

సంస్థల మధ్య సహకారం ఎందుకు అవసరమో తెలుగు లిపియే ఒక ఉదాహరణ చూపుతుంది. తెలుగు, కన్నడ లిపులకు మూలం ఒకటే. ప్రాచీన శాసనాలలోని లిపిని పండితులు తెలుగు-కన్నడ లిపి అనే పేరుతో వ్యవహరిస్తారు. నేటికీ జ, ణ, బ, ల వంటి అక్షరాలు రెండు భాషల్లోనూ దాదాపు ఒకే రూపంలో ఉన్నాయి. పాఠకుని కంటికి అవి ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు సంఖ్యలు. కాబట్టి ఒక తెలుగు పేరును పోలిన కన్నడ పేరును మరొకరు నమోదు చేసుకొంటే, చూసేవారు మోసపోయే ప్రమాదం ఉంది. బ్యాంకు పేరు విషయంలో ఇలా జరిగితే నష్టం ఎంతటిదో చెప్పనవసరం లేదు.

ఈ చిక్కును ఇంజనీర్లు మాత్రమే పరిష్కరించలేరు. అక్షరాల స్వరూప స్వభావాలు తెలిసిన భాషావేత్తలు కావాలి. అందుకే ఐకాన్ ఆధ్వర్యంలో తెలుగుతో సహా తొమ్మిది లిపులకు నియమాలు తయారు చేయడానికి నవ బ్రాహ్మీ లిపుల బృందం ఏర్పడింది. చిరునామాలోని చివరి భాగానికి ఏ అక్షరాలు వాడవచ్చో, ఏ రెండు లిపుల అక్షరాలను పరస్పరం సమానంగా పరిగణించాలో ఆ బృందం నిర్ణయించింది. పాలన అంటే అధికారం చలాయించడం మాత్రమే కాదు, తెలిసినవారి మాటకు చోటు కల్పించడం కూడా అని దీనివల్ల గ్రహించవచ్చు.

హైదరాబాదులో రెండు సమావేశాలు

ఐకాన్ ఏర్పడినా రూట్ జాబితాపై తుది పర్యవేక్షణ అమెరికా వాణిజ్య శాఖ చేతిలోనే ఉండిపోయింది. ప్రపంచమంతా వాడుకొనే వ్యవస్థపై ఒక్క దేశానికి ప్రత్యేకాధికారం ఏమిటని అనేక దేశాలు ప్రశ్నించాయి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2003లో జెనీవాలో, 2005లో ట్యునిస్‌లో జరిగిన సమాచార సమాజ శిఖరాగ్ర సభల్లో ఈ విషయం వాడిగా చర్చకు వచ్చింది. భారతీయుడైన నితిన్ దేశాయ్ అధ్యక్షతన ఏర్పడిన బృందం 2005లో ఒక నిర్వచనం ఇచ్చింది. ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌర సమాజం తమ తమ పాత్రలకు తగినట్లు కలిసి నియమాలను రూపొందించి అమలు చేయడమే అంతర్జాల పాలన అని దాని సారాంశం. ట్యునిస్ నిర్ణయం ప్రకారం అంతర్జాల పాలనా వేదిక ఏర్పడింది. దాని తొలి సమావేశం 2006లో ఏథెన్స్‌లో జరుగగా, మూడవ సమావేశానికి 2008 డిసెంబరులో హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. ‘అందరికీ అంతర్జాలం’ అనే అంశం మీద అక్కడ చర్చలు జరిగాయి. ఈ వేదిక తీర్మానాలు చేసి ఎవరినీ శాసించదు. భిన్న వర్గాలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడమే దాని పని.

భారతదేశ వైఖరి కూడా కాలక్రమంలో మారింది. 2011లో మన ప్రభుత్వం అంతర్జాల విధానాల కోసం ఐక్యరాజ్యసమితిలో 50 దేశాల కమిటీ ఉండాలని ప్రతిపాదించింది. 2015లో అన్ని వర్గాల భాగస్వామ్య పద్ధతికి మద్దతు ప్రకటించింది. ఇంతలో అమెరికా తన పర్యవేక్షణను వదులుకొంటామని 2014 మార్చిలో ప్రకటించింది. అయితే ఆ అధికారాన్ని మరో ప్రభుత్వానికి గాని, ప్రభుత్వాల కూటమికి గాని అప్పగించబోమని షరతు పెట్టింది. రెండేళ్లకు పైగా చర్చలు జరిగాక 2016 అక్టోబర్ 1న ఆ పర్యవేక్షణ ముగిసింది. ఐకాన్ పాలకమండలి దారి తప్పితే సభ్యులను తొలగించే, బడ్జెట్‌ను తిరస్కరించే అధికారం వివిధ వర్గాల ఉమ్మడి సముదాయానికి దక్కింది. ఈ మార్పు తరువాత ఐకాన్ తొలి సమావేశం 2016 నవంబర్ 3 నుండి 9 వరకు హైదరాబాదులోనే జరగడం తెలుగువారికి గుర్తుండదగిన విషయం.

ఒక దేశం పేరును తుడిచివేయవచ్చునా?

ఈ బాధ్యతల విభజనకు 2022లో కఠినమైన పరీక్ష ఎదురైంది. రష్యా దాడికి గురైన ఉక్రెయిన్ ఫిబ్రవరి 28న ఐకాన్‌కు లేఖ రాసింది. రష్యాకు చెందిన ‘.ఆర్‌యు’ వంటి చివరి పేర్లను రద్దు చేయాలని, ఆ దేశంలోని రూట్ సర్వర్లను ఆపివేయాలని కోరింది. నగరాలపై బాంబులు పడుతున్న వేళ ఒక దేశం చేసిన ఆ విన్నపంలోని ఆవేదన కాదనలేనిది. అయినా ఐకాన్ అంగీకరించలేదు. తన పని అంతర్జాలం నడిచేటట్లు చూడడమే గాని, ఆంక్షలు విధించే అధికారం తనకు లేదని మార్చి 2న సమాధానం ఇచ్చింది.

అదే రోజున ఐరోపా సమాఖ్య రష్యా ప్రభుత్వ వార్తా సంస్థలైన ఆర్‌టీ, స్పుత్నిక్ ప్రసారాలను తన పరిధిలో చట్టబద్ధంగా నిషేధించింది. ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఆంక్ష విధించడం ప్రభుత్వాల వంతు. దానికి వారు తమ ప్రజలకు, తమ న్యాయస్థానాలకు జవాబు చెప్పుకోవాలి. జాబితాను భద్రంగా ఉంచడం ఐకాన్ వంతు. ఒక దేశం పేరును ఒకసారి తుడిచివేస్తే, రేపు మరొక దేశం మరొక పేరును తుడవమని అడుగుతుంది. అప్పుడు ‘.ఇన్’ కు గాని, ‘.భారత్’ కు గాని రక్షణ ఉండదు.

ప్రభుత్వం, న్యాయస్థానం, పౌరుడు

పేర్లు, అంకెలు అంతర్జాతీయ సంస్థల పరిధిలో ఉన్నా, అంతర్జాలంలో జరిగే నేరాలు, వ్యాపారం, భావప్రకటన ఆయా దేశాల చట్టాల పరిధిలోకి వస్తాయి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. ఆ చట్టంలో తరువాత చేర్చిన 66ఎ సెక్షన్ ప్రకారం, చికాకు కలిగించే మాట రాసినవారిని సైతం అరెస్టు చేసే వీలుండేది. శ్రేయా సింఘాల్ అనే యువతి ఆ సెక్షన్‌ను సవాలు చేసింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ప్రభుత్వం చేసిన చట్టాన్ని న్యాయస్థానం సరిదిద్దడానికి ఒక పౌరురాలి విన్నపం కారణమైంది.

అదే ఏడాది, కొన్ని సేవలకు ఒక ధర, కొన్నింటికి మరొక ధర వసూలు చేయవచ్చా అన్న అంశంపై ట్రాయ్ ప్రజాభిప్రాయం కోరింది. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అటువంటి వివక్షతో కూడిన ధరలను నిషేధించింది. పౌరుని వంతు కూడా పాలనలో భాగమేనని ఈ సంఘటన చాటింది.

లోపాలు - కర్తవ్యం

పదిమంది చేతిలో పాము చావదని సామెత. బాధ్యత పదిమందికి పంచినప్పుడు ఏ ఒక్కరూ పూర్తిగా పట్టించుకోని ప్రమాదం ఉంటుంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం సంస్థ తన దేశంలో యూట్యూబ్‌ను ఆపబోగా, ఆ తప్పుడు మార్గసూచన ఇతర దేశాలకు పాకి, సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు. మార్గసూచనలను సరిచూసే బాధ్యత ప్రతి సంస్థదీ కావడం వల్ల ఎవరిదీ కాకుండా పోయింది. ఆఫ్రికా ఖండానికి చిరునామాలు పంచే ప్రాంతీయ సంస్థ వివాదాల్లో చిక్కుకోగా, 2023లో మారిషస్ న్యాయస్థానం దానికి రిసీవరును నియమించవలసి వచ్చింది.

సామాన్యునికి ఎదురయ్యే లోపం మరొకటి ఉంది. ఒక విద్యార్థిని ఛాయాచిత్రాన్ని ఎవరో వికృతంగా మార్చి ప్రచారం చేస్తే ఆమె ఎవరిని అడగాలి? ఐకాన్‌కు ఆ విషయంతో సంబంధం లేదు. పుటను నడిపే సంస్థ వేరొక దేశంలో ఉండవచ్చు. నేరస్థుడు మరొక రాష్ట్రంలో ఉండవచ్చు. ఎవరి వంతు ఏమిటో తెలియని బాధితురాలు అన్ని గుమ్మాలూ తట్టి అలసిపోతుంది. తెలిసినవారు మాత్రం ముందుగా సాక్ష్యాన్ని భద్రపరచుకొని, ఆ వేదిక నియమించిన ఫిర్యాదుల అధికారికి తెలిపి, సైబర్ నేరాల విభాగాన్ని ఆశ్రయిస్తారు. డబ్బు మోసమైతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తారు. కాబట్టి బాధ్యతల విభజనను తెలుసుకోవడం పరీక్షకు మాత్రమే పనికివచ్చే జ్ఞానం కాదు. అది ఆపదలో దారి చూపే జ్ఞానం.

అంతర్జాలాన్ని ఏ ఒక్కరి చేతిలోనూ పెట్టకపోవడం దాని బలహీనత కాదు, దాని రక్షణ. అయితే ఆ రక్షణ తనంతట తాను నిలువదు. ఏ సంస్థ తన హద్దు దాటినా ప్రశ్నించేవారు ఉండాలి. ఏ సంస్థ తన పని మానినా నిలదీసేవారు ఉండాలి. హక్కుబాధ్యతలు రెండూ ఎరిగిన పౌరులే ఆ పని చేయగలరు.

కఠిన పదాలకు అర్థాలు

అరాజకం = పాలకుడు లేని స్థితి, క్రమం లేనితనం
నీరటి = చెరువు తూమును కాపాడి, నీరు వదిలేవాడు
లాభాపేక్ష = లాభం కావాలనే కోరిక
ఏకాభిప్రాయం = అందరిదీ ఒకే అభిప్రాయం కావడం
సామ్యం = పోలిక
ఆంక్ష = నిర్బంధం, అడ్డు
వివక్ష = భేదభావం చూపడం

వ్యాకరణాంశాలు

ప్రత్యేకాధికారం = ప్రత్యేక + అధికారం - సవర్ణదీర్ఘ సంధి
ఏకాభిప్రాయం = ఏక + అభిప్రాయం - సవర్ణదీర్ఘ సంధి
లిపిసామ్యం - లిపి యొక్క సామ్యం - షష్ఠీ తత్పురుష సమాసం
హక్కుబాధ్యతలు - హక్కులు, బాధ్యతలు - ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఒక తెలుగు చిరునామా తెరుచుకోవడంలో ఏయే సంస్థలు ఏ విధంగా తోడ్పడతాయో వివరించండి.
2. ఉక్రెయిన్ విన్నపాన్ని ఐకాన్ తిరస్కరించడం సమంజసమేనా? చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తెలుగు, కన్నడ లిపుల సామ్యం వల్ల కలిగే చిక్కు ఏమిటి?
2. హైదరాబాదులో జరిగిన రెండు సమావేశాల ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. ‘పదిమంది చేతిలో పాము చావదు’ అనే సామెత ఈ పాఠానికి ఎలా వర్తిస్తుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. డొమైన్ నేమ్ వ్యవస్థను రూపొందించినవారెవరు?
2. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి అంకెల చిరునామాలు పంచే సంస్థ ఏది?
3. రూట్ జాబితాపై అమెరికా పర్యవేక్షణ ఎప్పుడు ముగిసింది?